స్టాక్ రిజిస్టర్ల ఒక టార్చి

సెప్టెంబర్ పదకొండు, పొద్దుగాల.
మన్ననూర్ రేంజ్ ఆఫీసు ముంగట
నాలుగు వరుసల ఖాకీ తడుస్తున్నది.
రాయి మీది పేర్లు ఒక్కొక్కటే సారు చదువుతుంటే
పేరు పేరుకూ బూట్లు ఒక్కసారే మోగుతున్నయి.

నా కుడిచేతికి మూడు వేళ్లే.
సెల్యూట్ కొడితే
సందులకెల్లి వాన కనబడతది.

ఉడతనూరి ఈదన్న పేరు చదవరు.
రాయి మీద లేదు.
ఆయన దినకూలి వాచర్.
పోయిన నెలకు పదకొండు దినాలు లెక్కగట్టి
వోచర్ మీద వేలిముద్ర కోసం ఎతికిన్రు.

మాకు తుపాకులుండవు.
కట్టె, నీళ్ల సీసా, సిగ్నల్ లేని ఫోను.
ఆ రాత్రి ఆయనకు కొత్త టార్చి ఇచ్చిన్రు గని
వెలిగియ్యలే.
"లైటేస్తే మనకు అడివి కనబడది మేడం,
అడివికి మనం కనబడతం."
ఎప్పుడూ నాకు రెండడుగులు ముంగట నడిచేటోడు.
నేను బీట్ ఆఫీసర్ని,
ఆయన అడుగు మీద అడుగేసి
ఆ బీటు నేర్చుకున్నదాన్ని.

పదర దిక్కు, పల్లిచేన్ల అంచు.
పందుల కోసం ఎవడో కరెంటు లైనుకు కొక్కెమేసి
మోకాలెత్తుల గుంజిన సన్న తీగ.
ఆగుమనబోయిండు.
"ఆ" అన్నడు.
మిగిలిన మాట
ఐదేండ్లయింది, ఇంకా నా చెవిల పడలే.

చెయ్యి అందుకున్న.
అందుకోవద్దని ట్రైనింగ్‌ల చెప్పిన్రు.
చేతికి ట్రైనింగ్ యాదికుండదు.

టార్చి కింద పడ్డంక వెలిగింది.
ఒక్క పల్లిచెట్టును
తెల్లారేదాక చూపిచ్చింది,
ఇంకేమీ లేనట్టు.
పంచనామా రాసి పోలీసులు దాన్ని తీస్కపోయిన్రు.

ఇప్పుడు నేను ఆఫీసుల కూసునే పని.
స్టాక్ రిజిస్టర్ నా దగ్గర్నే ఉంటది.
నలభై రెండో పేజీ:
టార్చి, మూడు సెల్లులది, ఒకటి.
తీసుకున్నది: ఉడతనూరి ఈదన్న.
వాపసు: రాలేదు.

యేడాదికోసారి ఆడిట్ సారు
ఎర్ర పెన్సిలు ఆ గీత మీద ఆపుతడు.
"మూడు వందల నలభై రూపాయలమ్మా,
ఎవరన్న కట్టేసి కొట్టెయ్యరాదూ?"
కట్టగలుగుత.
కట్టను.
కడితే అడ్డంగ గీత పడతది.
సర్కారు ఇంట్ల సిరాతోని
ఆయన పేరున్న జాగ అదొక్కటే.
బాకీ ఉండనియ్యుండ్రి.
ఎవరి బాకీయో మీరే అనుకోండ్రి.

రెండు నిమిషాల మౌనమయింది.
చాయ్ పంచుతున్నరు.
చెక్‌పోస్టు గేటు అవతల
గోనెసంచి కొప్పెర కప్పుకొని బయ్యమ్మ నిలబడ్డది.
లోపలికి రమ్మంటే రాదు.

"చదివిన్రా?"
"చదివిన్రు."

జెరసేపు నా చేతిని చూసింది.
"వానకు వినపడలే," అన్నది.
చాయ్ గిలాస అందుకొని, ఊదుకుంట,
"పోయినేడు గూడ వానే ఉండె."