బరాబర్

సిరొంచలో కరెంటు పోయి గంటయింది.
ఫోను దీపం కింద తొమ్మిదో తరగతి నోటుబుక్కులు.
బాణం గుర్తుకు ఇవతల ఎన్ని, అవతల ఎన్ని,
వేలు పెట్టి లెక్కిస్తాను
ప్రాణహిత రేవులో తలలు లెక్కపెట్టే పడవవాడిలా.
పుస్తకం మరాఠీది. పిల్లలు వినేది తెలుగులో.
కుదిరిన చోట నేను రాసే మాట మాత్రం
రెంటికీ ఒకటే: బరాబర్.

అట్ట మీద లచ్చుబాయి అని ఉన్న పుస్తకం దగ్గర
ఎర్రకలం ఆగింది.
ఇటు రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు.
అటూ అంతే.
నీటిలో ఒక్క ఆక్సిజనే పడుతుంది, ఒకటి మిగిలిపోతుందని
దాని కాలి కింద ఓ చిన్న రెండు పెట్టేసింది.

తెల్లారి పిలిచాను.
"లెక్క కలిసింది గద సార్?"
"కలిసింది. కానీ అవి నీళ్లు కావు.
మొన్న నీ మోకాలి పుండు మీద నర్సు పోస్తే
బుసబుస పొంగిందే, ఆ సీసా మందు. తాగుతవా?"
నవ్వింది.
"అంకె ముందు పెట్టుకో, ఎంతన్న పెట్టుకో.
లోపలిది ముట్టద్దు. ముడితే మనిషే మారిపోతడు."

పదార్థం అనబోయి, మనిషి అన్నాను.

చెరిపింది. నీటి ముందు రెండు.
ఇటు హైడ్రోజన్ తక్కువైంది, దాని ముందూ రెండు.
పడవలో ఒకరు జరిగితే ఇంకొకరు జరిగినట్టు.
పెన్సిల్ కొరుకుతూ అడిగింది:
"మరి హాజరీల నన్ను లక్ష్మీ అని పిలుస్తరేంది సార్?
మా ఇంట్ల ఆ పేరుతోని ఎవ్వరు లేరు."

ముప్పై ఎనిమిది మంది. లెక్క ఏనాడూ తప్పలేదు.
ఆ రిజిస్టరులో చేతిరాత నాది.