నాలుగో గడి

శనివారం ఆఖరి పీరియడ్ నాకు అంటగట్టారు.
లెక్కల టీచరువేగా, డబ్బు సంగతి కూడా నువ్వే చెప్పెయ్
అన్నారు హెడ్మాస్టరు,
లెక్కలూ డబ్బూ ఒక్క కడుపున పుట్టినట్టు.

ఫిబ్రవరిలో ఏటుకూరు రోడ్డు మీది గాలికి
మా బడి మొత్తం తుమ్ముతుంది.
యార్డులో టిక్కీలు విప్పుతున్నారని
గోడ గడియారం చూడకుండానే చెప్పొచ్చు.

ముక్కు తుడుచుకుంటూ బోర్డు మీద మూడు గడులు గీశాను.
వచ్చింది. పోయింది. మిగిలింది.
నెలరోజులు రాయండి అన్నాను,
టీ తాగితే టీ, పెన్ను కొంటే పెన్ను.
అబద్ధం రాస్తే మార్కులుండవు,
నిజం రాసినా ఉండవు.

యోనా లేచాడు.
"ఏమీ రాకపోతే ఏం రాయాలి టీచర్?"
సున్నా పెట్టరా.
"సున్నాకి విలువ లేదన్నారుగా మొన్న?"
పక్కన అంకె ఉంటే ఉంటుంది.
"మా ఇంట్లో పక్కన అప్పే ఉంటుంది టీచర్."
క్లాసంతా నవ్వింది, వాడే ముందు.

రెండో శనివారం డైలీ ఫైనాన్సు లెక్క చేశాం.
పదివేలని చెప్పి ఎనిమిదిన్నరే చేతిలో పెడతారు,
రోజుకో వంద, వంద రోజులు.
ఎంత పడుతుందో చెప్పండి అంటే
పదిహేను వందలే కదా అన్నారు.
తీరుస్తూపోతుంటే అసలు తరిగిపోతుందని,
తరిగిన అసలు మీద కూడా అదే వడ్డీ కడుతున్నారని
అడుగడుగూ దింపుకుంటూ వస్తే
నెలకు నూటికి పది దాటింది.
సుద్దముక్క నా చేతిలోనే విరిగింది.

వెనక బెంచీలోంచి అలీషా నెమ్మదిగా,
"ఈ లెక్క మా నాన్నకి చెప్పకండి టీచర్.
రాదు గనకే ఆయనకి
ఆటోలోనైనా నిద్ర పడుతోంది."

ఏం చెప్పను?
నా గొలుసు రెండేళ్ళుగా బ్రాడీపేటలో తాకట్టులో ఉంది.
రశీదు బీరువాలో, చీరల కింద,
నాకే కనపడకుండా దాచుకున్నాను.

నెలాఖరుకి పుస్తకాలొచ్చాయి.
యోనా ముప్పై సున్నాలు పెట్టాడు, గుండ్రంగా, శ్రద్ధగా.
మస్తాన్‌బీ పుస్తకంలో
నేను గీయని గడి ఒకటి, పెన్సిలుతో.
పైన చిన్న అక్షరాల్లో: అడగనివి.

మూడో తారీకు, జామెట్రీ బాక్సు, అరవై.
తొమ్మిదిన గ్రూపు ఫోటో, ఎనభై.
పద్నాలుగున షాహీన్ పెళ్ళికి గాజులు, నలభై.
ఇరవయ్యొకటిన చెవి నొప్పి, డాక్టరు, మూడొందలు.
ఇరవై మూడు. నొప్పి తగ్గిపోయింది.

అమ్మ తొడిమలు తీసి తెచ్చింది మొదటి గడిలో,
అద్దె, బియ్యం, చీటీ వాయిదా రెండో గడిలో,
రెండూ కొట్టేసుకుని పోయాయి.
అయినా మిగిలింది అన్నచోట
నాలుగొందల ఎనభై,
కింద రెండు గీతలు, నేను నేర్పినట్టే.

తప్పు అని రాయాలి.
లేని డబ్బుని మిగులులో చూపకూడదు.
ఏ పుస్తకమైనా అదే చెబుతుంది.
ఎర్ర పెన్ను మూత తీసి
ఆ అంకె మీద ఆపి
ఎంతసేపు కూర్చున్నానో
స్టాఫ్ రూములో ఫ్యాను ఆపేసి వెళ్ళిపోయారు.

మర్నాడు కాదు, ఆ మర్నాడు పిలిచాను.
లెక్క గురించి మాట్లాడదామనే పిలిచాను.
నోటికొచ్చింది మాత్రం ఇది:
చెవి నిజంగా తగ్గిందా?

మస్తాన్‌బీ మెడ తిప్పి
రెండో చెవి నావైపు పెట్టి
"ఏంటి టీచర్?" అంది.

పెన్ను మూత పెట్టేశాను.
పెద్దాసుపత్రిలో చూడ్డానికి డబ్బు తీసుకోరు.
పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడాలి, అంతే.
లాలాపేట నుంచి ఆటో ఛార్జీ నాది.
అది ఏ గడిలో రాయాలో
దారిలో తనే చెబుతుందేమో,
కుడివైపు కూర్చుని అడగాలి.