పసుపు చుక్క నోటు

పోయినేడు ఉగాది మర్నాడు
పొదుపు సంఘం పెట్టెలోంచి పది రూపాయల నోటొకటి తీసి
మూలన పసుపు చుక్క పెట్టినాను.
ఊరికే.
లెక్కలు రాసేదానికి
లెక్కకు రాని పిచ్చి ఒకటుంటుంది.

అది మా ఊళ్లో ఒక పూట ఉండింది.
పొద్దున పాలు పోసిన వన్నూరమ్మ చేతికిస్తే
తొమ్మిది గంటల కళ్యాణదుర్గం బస్సెక్కి
నూనె ప్యాకెట్టు కోసం పోయింది.
ఇంకో నోటు, ఇంకో చుక్క.
అదీ అదే బస్సు.

శెనక్కాయ మాదే.
వానకు మొక్కి, అప్పుకు మొక్కి పండించేది మేమే.
మూటలు మూటలుగా తోలేసి
చిన్న ప్యాకెట్లలో తిరిగి కొనుక్కునేదీ మేమే.
"మీ ఊరి కాయల నూనేలే అక్కా"
అని నవ్వినాడొకసారి దుర్గం అంగడాయన.
ఆ నవ్వు నన్ను రెండు రాత్రులు నిద్ర పోనియ్యలేదు.

కుళ్లాయప్ప వాళ్ల తాత గానుగ
కొట్టంలో పిడకల కింద పడి ఉండింది.
రోలు పగల్లేదు. రోకలిని చెదలు తినేసినాయి.
మౌలాలి తుమ్మమొద్దు చెక్కిచ్చి
"దుడ్లొద్దు, ఏడాదికి నాలుగు శేర్ల నూనె పొయ్యండి" అన్నాడు.
ఇక ఎద్దు.
జత ఎద్దు కరువులో పోయినకాడి నుంచి
మారెక్క ఇంటి ముందర ఒకటి ఉత్తిదే నిలబడుండేది.
ఒంటెద్దు ఎందుకు దండగ, సంతకు తోలమని
ఊరంతా చెప్పిన ఎద్దు.
గానుగకు కావలసింది ఒంటెద్దే.

మొదటి దినం నూనె వాసనకు
మంచాన ఉన్న పీరమ్మ అవ్వ లేచి కూచుంది.
"ఎవరింట్లోబ్బీ పెండ్లి?" అనడిగింది.

చెక్క వన్నూరమ్మ బర్రెకు పోయింది.
నాలుగో నోటు పదకొండు దినాలుండింది.
వన్నూరమ్మ, గానుగ, మౌలాలి,
లాలుబీ గాజుల బుట్ట, మారెక్క కొర్రలు,
మళ్లీ వన్నూరమ్మ పాలచెంబు కింద తడిసి...
అన్నీ రాసుకున్నాను.
పన్నెండో దినం ఎటు పోయిందో తెలీదు.

అన్నీ కుదరలేదు.
కుండలు చేద్దామంటే మా మన్ను ఒప్పుకోలేదు.
సబ్బులు ఎండలో కరిగి వీధి కుక్క నాకింది.
ప్యాకెట్టు కన్నా మా నూనె ధరెక్కువ.
సుంకన్న నడివీధిలో నిలబడి
"మీ ఊరి ప్రేమకు నా సంసారం పన్ను కట్టాల్నా?" అన్నాడు.
నిజమే.
నా దగ్గర జవాబు లేకపోయింది.
ఆ రాత్రి లాంతరు ముందు చెక్క ధర కలిపి లెక్క మళ్లా వేసి
శేరుకు పద్దెనిమిది తగ్గించినాం.
అయినా ఆయన ప్యాకెట్టే కొంటాడు.
పండక్కి మాత్రం
మనవని చేతికి చెంబిచ్చి పంపిస్తాడు,
తాను గోడ చాటున నిలబడి.

ఉప్పు బయటిదే. సూదిమందు బయటిదే.
బస్సు రాకుంటే బాగుండునని
ఎవరమూ అనుకోలేదు.
పోయిన ప్రతిదీ పోనీ,
కాసేపు కూచుని పొమ్మంటున్నాం, అంతే.

ఏడో నోటు ఎన్నాళ్లుందో రాయడం మానేసినాను.
రొండిలో, రవికలో, పేడచేతుల్లో, నూనెచేతుల్లో
నలిగి నలిగి గుడ్డపేలికయింది.
మొన్న సుంకన్న దాన్ని బస్సులో తీస్తే
కండక్టరు ఎండకు పట్టి చూసి
"ఇది చెల్లదు పెద్దాయనా" అన్నాడంట.

దిగొచ్చి, నేరుగా గానుగకాడికే వచ్చినాడు.
ఏం మాట్లాడకుండా నోటు రోలంచున పెట్టినాడు.
కుళ్లాయప్ప మడతలు విప్పి
చుక్క ఉందో లేదో చూసుకొని
చెవి మడతలో దోపుకొని
కొలతగిన్నె అందుకున్నాడు.

ఎద్దు ఆగలేదు.