దీపాల గది, జియు లోయ

ఇరవై రెండేళ్లు ఈ కిటికీలోంచి
బిళ్ల తీసుకుని దీపం ఇచ్చాను.
షిఫ్టు దిగాక ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా
గుండెలో రాయి పడేది.

ఇవాళ కొక్కేలన్నీ నిండుగా ఉన్నాయి.
ఎవరూ కిందికి పోలేదు.

బుకారెస్టు నుంచి వచ్చినాయన
తెర మీద గాలిమరలు చూపించాడు. అందంగానే ఉన్నాయి.
నేలకి ఆరువందల మీటర్ల అడుగున నడుం వంచిన దోరినెల్‌కి
ఇప్పుడు ఎత్తులెక్కడం నేర్పుతారట.
"నిచ్చెనెక్కితేనే కళ్లు తిరుగుతాయి నాకు" అన్నాడు.
అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

పొగ పోవాలి, కాదన్నదెవరు?
మా ఆయన దగ్గు
ఎన్నిసార్లు ఉతికినా దిండు గలీబు మీద నల్లగానే ఉంది.

యూనియన్ ఒప్పందం పదకొండు పేజీలు.
ప్రతి పేజీలో గని కార్మికులు ఉన్నారు.
దీపాల గది లేదు.
మసి బట్టలుతికే మారియోరా లేదు.
సంతకానికి వంగిన స్తెలియాన్ చెయ్యి పట్టి ఆపాను:
"మమ్మల్నీ రాయి."

మార్జిన్లో రాశాడు, ఇరుకిరుకు అక్షరాలతో.
అచ్చుకెక్కుతుందో లేదో.

తాళం వేసేముందు అలవాటు కొద్దీ
మళ్లీ లెక్కపెట్టాను.
ఉండాల్సినవి నాలుగు వందల పన్నెండు.
ఒకటి తక్కువ.

అది నా సంచిలో ఉంది.