చెవిమూతలు

గ్దాన్‌స్క్ ట్రామ్‌లో యాగ్నా
కోటు కాలరు లోపలి దారపుముడిని
వేలితో తడుముతూనే ఉంది.
ఇంకో నాలుగు స్టాపులు. ఆపైన బడిగంట.

మనకది గణగణ.
ఆమెకు చిగుళ్ళలో సూది.

తాత జెనోన్
నలభై ఏళ్ళు ఓడ రేకులకు మేకులు దిగ్గొట్టి
వినికిడిని ఆ రేవులోనే వదిలొచ్చాడు.
మనవరాలిని 'గట్టిగా చెప్పు' అనడు.
పెదాలు చూస్తాడు.

ఇవాళ తన పాత చెవిమూతలు తెచ్చాడు,
నూనె మరక ఇంకా పోలేదు.
పట్టీకి కొత్త కన్నం పొడిచి
ఆమె తలకు సరిపెట్టాడు.

గుంపంతా లోపలికి పోయేదాకా
ఇద్దరూ కంచె మీది మంచు గీకుతూ నిలబడ్డారు.
టీచరమ్మ పక్కతలుపు తీసి పట్టుకుంది,
పిలవలేదు.

రెండడుగులు వేసి వెనక్కొచ్చింది యాగ్నా,
ఒక మూత జరిపి, గుసగుసగా ఏదో అంది.

ఊపిరి పొగలో పెదాలు కనబడలేదు.
తలూపాడు.