సగం సున్నం

ఆషాఢంలో మొదలుపెట్టిన బిళ్ళలన్నీ అబద్ధమాడాయి.
అగేటు కల్వంలో ఆరేసి గంటలు,
ముక్కుకు గుడ్డ కట్టుకుని, చెయ్యి మార్చుకుంటూ నూరి
లాంతనం ఒక పాలు, సున్నం ఒక పాలు,
మాంగనీసు రెండు పాళ్ళు
హన్మకొండ కరెంటు దయతలిచిన రాత్రుల్లో
పన్నెండు వందల డిగ్రీల కొలిమిలో పెట్టి తీస్తే
నల్లగా, ముద్దుగా, చొక్కా గుండీ అంత.
చల్లార్చితే మాత్రం ఏదీ వరసలో నిలబడదు.

వరసంటే ఏంది మేడం, అన్నాడు సారంగపాణి,
నైట్రోజన్ డబ్బాను ఆటోలో
మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తెచ్చే మనిషి.
చెప్పాను:
లోపల మాంగనీసులు రెండు రకాలు.
ఒకదాని దగ్గర ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువ, పక్కదాని దగ్గర లేదు.
వెచ్చగా ఉన్నంతసేపు అది ఎవరిదో తెలియదు,
చేతులు మారుతూ తిరుగుతుంటుంది.
చలి ముదిరితే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది
ఉన్నది, లేనిది, ఉన్నది, లేనిది,
నలుపు తెలుపు గళ్ళలాగ.
ఉన్న చోట ఆక్సిజన్ల గది ఒక పక్కకు సాగుతుంది.
సాగినవన్నీ కూడబలుక్కుని
ఒకటి అటు, ఒకటి ఇటు వాలుతాయి.
వంకర టింకర వరసలు కట్టి, వరసకూ వరసకూ పడనట్టు
ముఖాలు తిప్పుకుంటాయి అయస్కాంతాలు.
ఇదంతా జరగాలంటే పాళ్ళు సరిగ్గా సగం సగం ఉండాలి.

"గంతేనా. మా ఇంట్ల పంపకాలు గూడ గిట్లనే ఆగినయ్."

కొత్తవాడలో మా పెదనాయిన రుద్రారపు మార్కండయ్య
గుంటమగ్గం మీద జంపఖానా నేస్తున్నాడు.
ఎర్రచార, నీలిచార, నడుమ మక్కజొన్న రంగు.
నా మొహం చూసి, ఏమీ అడక్కుండా,
ఊరికే ఏదో ఒకటి చెప్పాలని చెప్పాడు:
"వానకాలం సేటు నూలు తూకమేసి ఇస్తడు.
తడి తాగిన నూలు. కిలో అంటే కిలో ఉండది.
మేం నేసి, ఎండలేసి తీస్కపోతే
అరవై గ్రాములు తక్కువున్నదని పుస్తకంల రాస్తడు.
నూలు దొంగలమంట.
నలబై ఏండ్ల సంది మేం దొంగిలించింది ఏంది బిడ్డా, వాన."

చాయి గ్లాసు కింద పెట్టాను.
లాంతనం.
సీసా మూత తీసిన ప్రతిసారీ
గాలిలో తేమను తాగి బరువెక్కే తెల్ల పొడి.
నేను తూచింది లాంతనాన్ని కాదు,
లాంతనాన్నీ ఆషాఢాన్నీ కలిపి.
సగం అని రాసుకున్న చోట సగం లేదు,
సున్నం పైచేయి అయింది.
సేటు త్రాసులో కూర్చుని రెండు నెలలు
మాంగనీసును తిట్టాను.

పొడిని వెయ్యి డిగ్రీల్లో రాత్రంతా కాల్చి
చల్లారీ చల్లారకముందే తూచి
మళ్ళీ నూరుడు, మళ్ళీ కొలిమి, మళ్ళీ బిళ్ళ.
నాలుగు వెండి చుక్కలు, నాలుగు తీగలు.
సారంగపాణి డబ్బా వంచితే
పొగ బల్ల మీంచి దిగి మా చెప్పుల చుట్టూ తిరిగింది.
రెండు వందల యాభై కెల్విన్లు. ఏమీ లేదు.
రెండు వందలు. ఏమీ లేదు.
ఎవరో తలుపు తట్టారు, తీయలేదు.
నూట అరవై దాటగానే
గీత నిలువునా లేచింది.
కరెంటు ఆగిపోయిందని
హన్మకొండలో మొట్టమొదటిసారి ఇద్దరు మనుషులు
చప్పట్లు కొట్టారు.

వెచ్చబెట్టుకుంటూ వెనక్కి వచ్చాం.
మళ్ళీ నూట అరవై. గీత దిగలేదు.
నూట డెబ్బై. దిగలేదు.
"కరాబైందా మేడం?"
లేదు. ఒకసారి వరసలో నిలబడ్డది
వచ్చిన దారినే పోదు.
ఎంతవరకు పట్టుకుంటుందో చూద్దాం, రాసుకో.

పొద్దుగూకి కొత్తవాడ పోతే
పెదనాయిన గుంటలోంచి లేస్తున్నాడు.
రెండు చేతులూ గోడకు ఆనించి పైకొచ్చాడు,
మోకాళ్ళు మాత్రం ఇంకా మగ్గంలోనే ఉన్నాయి.
వాకిట్లో నాలుగడుగులు అట్లాగే వంగి నడిచాడు.
పట్టుకోబోయాను.
"ఆగు బిడ్డా," అన్నాడు,
"జరసేపు. సాగుతయ్."