అక్షాంశం

నవంబరు పొగమంచు కొండ దిగకముందే
జ్వానే వచ్చాడు మా జెరాక్సు కొట్టుకి.
బూట్లకి మీర్నా ఏటి బురద.
వెనకే ఫ్రితుల, ముక్కు మీద మట్టి ఇంకా ఆరని కుక్క.
తలుపు పడిందో లేదో రెండుసార్లు చూసుకుని
కోటు లోపలి జేబులోంచి ఫోను తీశాడు,
గోతిలోంచి తీసినట్టే, రెండు వేళ్లతో.

ఫొటోలో తెల్ల ట్రఫుల్.
ఓక్ వేళ్ల కింద నక్కి పెరిగే దుంప,
బంగారంతో బేరమాడే దుంప.
ఇంకా గోతిలోనే ఉంది,
కొలతకి పక్కన అగ్గిపెట్టె.

సంతలో పోటీకి పంపాలట. ఫారం తీసుకోవడం లేదట.
ఆయన ఫోను రాసే లిపి ఒకటి,
సంతవాళ్ల కంప్యూటరు చదివే లిపి ఇంకొకటి.
అది జేపెగ్ తెమ్మంటుంది.
ఈయన దగ్గరున్నది హెచ్‌ఈఐసీ.
"అదేం జబ్బు?" అన్నాడు.

"మార్చే పేజీ ఉంది, బ్రౌజర్‌లోనే."
"ఎక్కడికి పోతుంది నా ఫొటో?"
"ఎక్కడికీ పోదు. గడప దాటదు.
ఈ పెట్టెలోనే మారుతుంది."

నమ్మలేదు.
నలభై ఏళ్లుగా చీకట్లో ఒక దారిన వెళ్లి
తెల్లారి ఇంకో దారిన తిరిగొచ్చే మనిషి,
సొంత తమ్ముడికి తప్పుడు కొండ చూపించిన మనిషి.
నమ్మితే నేనే భయపడేదాన్ని.

పేజీ తెరుచుకున్నాక బల్ల కిందకి దూరి
నెట్టు తీగ పీకేశాను.
ఊడిన కొస ఆయన చేతికిచ్చాను.
"పట్టుకోండి. అయ్యేదాకా వదలకండి."
పట్టుకున్నాడు, పాము తల పట్టుకున్నట్టు.

ఫొటోను లాగి గడిలో వదిలాను.
"వంట అదే, గిన్నె మారుతుందంతే" అన్నాను.
మార్చేటప్పుడు కాస్త అడుగంటుతుందని
చెప్పలేదు.

అప్పుడు కనబడింది,
పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో,
ఫొటో చంకనపెట్టుకొచ్చిన మూట:
తేదీ. పొద్దున్న ఐదూ నలభై రెండు.
ఫోను పేరు, కటకం పేరు.
అక్షాంశం, రేఖాంశం.

మూడో కంటికి తెలియనివ్వని చోటు
రెండు అంకెల వరసలై నా ముందు కూర్చుంది.

చూడకూడదనుకున్నాను.
చూశాను.

ఆ అంకెలు నాకు తెలుసు.
చుక్క తర్వాత నాలుగో స్థానం దాకా తెలుసు.
మా నోనా పోయాక సర్వేయరు ఇచ్చిన కాగితంలోవి.
పదకొండు మంది వారసులకి
పదకొండు కాపీలు ఈ మిషను మీదే తీశాను.
కూలిన రాతిగోడ, ఒక వంకర ఓక్ చెట్టు,
ఎందుకూ కొరగాదని
ఎవరూ వాటా అడగని చెక్క.

తల తిప్పాను.
జ్వానే తీగ పట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు,
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.
దొంగకి తేలు కుట్టినట్టా,
లేక మా హీటరు వేడికా?
ఫ్రితుల లేచొచ్చి నా మడమ వాసన చూసి
అక్కడే కూర్చుంది,
దొరికిందన్నట్టు.

తెర మీద ఒక చిన్న గడి:
వివరాలు తీసేయాలా?

మా నోనా పొయ్యి ముందు కాళ్లు చాపుకుని
ఈ జ్వానేని ఎన్ని తిట్లు తిట్టేదో,
తిడుతూనే ఎంత వైన్ పోసేదో
గుర్తొచ్చింది.
టిక్కు పెట్టాను.

అంకెలు పోయాయి.
దుంప మిగిలింది, అగ్గిపెట్టె మిగిలింది,
మూలన కుక్క కాలి గోరు.

"అంతా చెరిగిపోయిందా?"
"ఫొటోలోంచి చెరిగిపోయింది."
ఆ మాటని చెల్లని నాణెంలా
అటూ ఇటూ తిప్పి చూశాడు.
తీగ తిరిగిచ్చాడు, చెమటకి తడిసింది.
రెండు యూరోలు లెక్కపెట్టి ఇచ్చాడు.
చిల్లర ఉంచుకో అనడం వాళ్ల వంశంలో లేదు.

మంగళవారం కొట్టు తలుపు పిడికి
ఒక పొట్లం వేలాడుతోంది.
పాత వార్తాపత్రిక, లోపల తడి గుడ్డ,
దానిలోపల బొటనవేలంత దుంప. పేరు లేదు.

గుడ్లు కొట్టి అట్టు వేశాను, పైన తురుముకున్నాను.
వెల్లుల్లి, తడిమట్టి, ఎవరో మూసి మరిచిన గది,
అన్నీ కలిసిన వాసన.
మా నేల వాసన ముప్పై ఏడేళ్లకి మొదటిసారి తెలిసింది.

పళ్లెం రొట్టెముక్కతో తుడిచి తినేశాను.
మిగతా పదిమందికీ
ఇంకా ఏమీ చెప్పలేదు.